బొమ్మయ్య తోలిన క్లచ్చు లేని వ్యాను

బొమ్మయ్య ఎడమకాలు మోకాలి కిందనుంచి పనికిరాదు. చిన్నప్పుడు చోళపురం దారిలో పత్తిబండి చక్రం ఎక్కింది. ఎముక అతికింది గానీ పాదం మాట వినడం మానేసింది. చంకలో కర్ర పెట్టుకుని నడుస్తాడు. నడిస్తే నడిచాడు, "అయ్యో పాపం" అన్న మాట మాత్రం ఎవరి నోట వచ్చినా ఊరుకోడు. ఒకసారి బస్సులో ఎవరో పెద్దాయన జాలిపడి లేచి చోటిస్తే, ఆ సీటు ఖాళీగానే ఉంచి సేత్తూరు దాకా నిలబడి వెళ్లాడు. మొండివాడంటే అంత మొండివాడు!

అలాంటివాడికి డ్రైవరు కావాలని కోరిక. రాజపాళయంలో నవ్వనివాడు లేడు. లారీకైనా బస్సుకైనా ఎడమకాలితో క్లచ్చు తొక్కాలి కదా, ఈ కాలితో ఏం తొక్కుతాడు? నవ్వేవాళ్ల ముందు తలెత్తుకు తిరిగేవాడు గానీ, లోపల మాత్రం కుమిలిపోయేవాడు.

అప్పుడు ఊళ్లోకి ఆ వ్యాను వచ్చింది. మామిడితోటల రంగరాజును, యజమాని అన్న అర్థంలో, ఊరంతా మొదలాళి అనే పిలుస్తుంది. ఆయన, కొండమీది టీ తోట వదిలేసి సీమకు పోతున్న ఒక దొర దగ్గర ఈ పాత అమెరికా వ్యానును కొన్నాడు. దానికి క్లచ్చు లేదు. గేర్లు వాటంతట అవే మారతాయి. కింద ఉన్నవి రెండే పెడళ్లు, ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటరు. రెంటికీ కుడికాలు చాలు. ఊళ్లో డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి చూసి, ఇదేం దయ్యం బండిరా బాబూ అని దిగిపోయారు. బొమ్మయ్య కర్ర పక్కన పడేసి ఎక్కాడు, తిన్నగా మంసాపురం దాకా తోలుకుపోయి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. మొదలాళి ఆ రోజే అతన్ని డ్రైవరుగా పెట్టుకున్నాడు.

అప్పటినుంచి సీజను వస్తే చాలు, మామిడిపండ్ల లోడుతో తెన్‌కాశి మీదుగా చెంగోట ఘాటు ఎక్కి, పునలూరు మార్కెట్టులో దించి రావడం బొమ్మయ్య పని. ఆ సీట్లో కూర్చుంటే అతను కుంటివాడు కాడు. ఆ సంగతి అతనికొక్కడికే తెలుసు. ఆ సీటంటే అతనికి ప్రాణం.

పంతొమ్మిది వందల అరవై రెండులో ఇంజను చచ్చిపోయింది. పెట్రోలు తాగే ఇంజనుకు బదులు డీజిల్ ఇంజను వేయిద్దామని మొదలాళి వ్యానును మదురకు లాగించాడు. అక్కడి షాపువాళ్లు చూసి, ఈ గేరుపెట్టె కూడా తీసి పారేసి మామూలుది వేద్దాం అన్నారు. వేస్తే క్లచ్చు వస్తుంది. క్లచ్చు వస్తే బొమ్మయ్య పోతాడు.

"ఇంజను మీరేదైనా పెట్టుకోండి. ఈ పెట్టె మీద చెయ్యి పెట్టినారో, నేను బండి కింద పండుకుంటాను, లేవను!" అన్నాడు బొమ్మయ్య. అనడమే కాదు, పండుకున్నాడు కూడా. షాపువాళ్లు తిట్టుకుంటూ, ఇంజనుకూ పెట్టెకూ మధ్య లేతులో కోసిన ఇనపపలక ఒకటి వేసి అతికించి పంపించారు.

మొదటి లోడుకే పరువు పోయింది. పుళియరై దాటి ఘాటు సగం ఎక్కేసరికి ఇంజను రంకెలు వేస్తోంది, బండి మాత్రం కదలదు. కాళ్ల కిందనుంచి పొగ. గేరుపెట్టెలో ఎర్రగా ఉండవలసిన ఆయిలు నల్లగా మాడిపోయింది. పండ్లు ఇంకో లారీకి మార్చి, వ్యానును తాడుకట్టి ఈడ్చుకొచ్చారు.

"ఇదో చూడరా బొమ్మయ్యా," అన్నాడు రంగరాజు, "నీ పట్టుదల చాలు. ఆయిలు మార్చి ఇంకొక్క లోడు పో. కన్నుసామి కూడా కూర్చొని వస్తాడు. ఘాటులో పొగ వచ్చిందా, ఆ పెట్టెను పీకేసి మామూలుది వేయిస్తాను. ఆపైన కన్నుసామే తోలేది."

కన్నుసామి బస్సు డ్రైవరు, ఆ మధ్య పని పోయి ఖాళీగా ఉన్నాడు. చెడ్డవాడేం కాదు. "అన్నే, మనసులో ఏమీ పెట్టుకోవద్దు," అని వచ్చి మర్యాదగా చెప్పాడు కూడా. ఆ మర్యాదకే బొమ్మయ్యకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే బండి కిందకి దూరాడు. గేరుపెట్టెనుంచి సన్నటి ఇనుప గొట్టాలు రెండు ముందుకు పోయి, రేడియేటరు దగ్గర ఊరికే ఆగిపోయాయి. రెంటి కొనలూ కలిపి ఒక రబ్బరు ముక్క తొడిగి ఉంది. అది చూసి బొమ్మయ్య నుదురు కొట్టుకున్నాడు. పాత రేడియేటరు అడుగున ఇవి రెండూ దూరి ఉండేవి కదా! పెట్టెలో కాగిన ఆయిలు ఒక గొట్టంలో వచ్చి, రేడియేటరు అడుగున చల్లబడి, రెండో గొట్టంలో తిరిగి పోయేది. డీజిల్ ఇంజనుతో వచ్చిన కొత్త రేడియేటరుకు ఆ ఏర్పాటు లేదు. ఇవేమిటో తెలియక మదురలో రెంటికీ ముడిపెట్టేశారు. కాగిన ఆయిలు కాగినట్టే లోపలికి పోతే మాడక ఏం చేస్తుంది? పాత రేడియేటరేమో ఇత్తడిపని చేసే కన్నార్ల కొలిమిలో కరిగి, ఈపాటికి ఎవరింట్లోనో చెంబై కూర్చుని ఉంటుంది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినకుండా మెతుకులు కెలుకుతున్నాడు. భార్య అఖిలాండం పడుగు నూలుకు గంజి పట్టించే షెడ్డులో పనిచేస్తుంది.

"ఏమయ్యా, అన్నంతో ఏమి కోపం?"

"ఆయిలు చల్లారేదానికి దారి లేదే. గాలి తగిలేట్టు పొడుగు గొట్టం ఒకటి కావాల."

"పొడుగంటే? మా గంజి తొట్టిలో రాగి గొట్టం చుట్టలు చుట్టలుగా ఉండ్లా? దాంట్లో ఆవిరి పోయి గంజి ఉడుకుతుందే, అది. పాతది ఒకటి పీకి మూల పడేసినారు. మేము ఉడకబెట్టేదానికి పెట్టుకున్నాము, నువ్వు ఆరబెట్టేదానికి పెట్టుకో."

బొమ్మయ్య కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు. "సుమ్మా నిమ్మళంగా తిని పోవయ్యా, అది లేచి పరిగెత్తిపోదు!" అని ఆమె వెనకనుంచి అరుస్తూనే ఉంది.

షెడ్డువాళ్లు ఇచ్చారు. ఏళ్లనాటి గంజి రాగి గొట్టానికి అట్టలు కట్టి ఉంటే, అఖిలాండం చింతపండు పులుసు పోసి కొబ్బరిపీచుతో తళతళలాడేదాకా తోమింది. లోపల కిరోసిను పోసి కడిగి ఆరబెట్టారు. అతుకులు పెట్టడానికి బస్టాండు పక్కనుండే వీరన్ అనే మెకానిక్కు వచ్చాడు.

"బండి కింద వేలాడదీస్తే పోతుందన్నే. పరిగెత్తేప్పుడు మంచి గాలి."

"ఘాటులో పరిగెత్తేది ఎక్కడప్పా? చీమ మాదిరి పాకతాము. కింద ఏమి గాలి? రేడియేటరు ముందర కట్టు. బండి నిలబడినా ఫ్యాను గాలి పీకతా ఉంటుంది."

వీరన్ ఒప్పుకోలేదు, వాదించాడు. బొమ్మయ్య తన కర్ర తీసి రేడియేటరు ముందు అడ్డంగా పెట్టి, "ఇక్కడ. వేరే మాట వద్దు," అన్నాడు. అక్కడే కట్టారు. రబ్బరు ముక్క పీకేసి, ఇనుప గొట్టాలు రెంటినీ ఆ రాగి చుట్టకు కలిపారు. కొత్త ఆయిలు పోశారు.

లోడు రోజు కన్నుసామి తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. పెళ్లికొడుకులా ఆ సింగారమేమిటో! పుళియరై దాటగానే వాసన చూడటం మొదలుపెట్టాడు.

"ఏమప్పా కన్నుసామీ, ముక్కు ముందర పెట్టుకొని వాసన చూస్తా ఉండావు? వాసన వచ్చే మామిడిపండ్లు వెనక కదా ఉండేది," అన్నాడు బొమ్మయ్య. మాట గట్టిగానే అన్నాడు గానీ తనూ దొంగగా వాసన చూస్తూనే ఉన్నాడు.

పోయినసారి ఆగిన మలుపు వచ్చింది. సరిగ్గా అక్కడే మాడు వాసన! కన్నుసామి తల పక్కకు తిప్పుకున్నాడు. ఆపి చూద్దామా? ఆపను పో, కాలితే నా కాలి కిందే కాలనీ అని బొమ్మయ్య పళ్లు బిగించి యాక్సిలరేటరు అలాగే నొక్కి పట్టాడు. మలుపు తిరిగితే ఎదురుగా చెక్కల లారీ ఒకటి దిగుతోంది, దాని బ్రేకులు పొగలు కక్కుతున్నాయి. వాసన దానిది!

అరియంకావు చేరాక బొమ్మయ్య దిగి, బండి కిందకి చెయ్యి చాపి గేరుపెట్టె అడుగున పెట్టాడు. వేడిగానే ఉంది, కానీ చెయ్యి ఆనించి ఉంచగలిగాడు. ఏడుపొచ్చేంత సంతోషం. కన్నుసామి కూడా వంగి పెట్టి చూసి, తల ఊపాడు.

"బాగా చేసినావన్నే. ఇప్పుడు కొంచం నేను తోలి చూస్తాను. పెట్టె బాగుంటే నువ్వు కూడా నేర్చుకొని రా అని మొదలాళి చెప్పినాడు. ఏదైనా కాని, రెండుకాళ్లవాడు ఉంటే మంచిదని."

అంటే పెట్టె నిలిచినా సీటు నిలవదన్నమాట! బొమ్మయ్య ముఖం నల్లబడింది. కర్ర తీసుకుని అటువైపు తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాడు.

కన్నుసామి దర్జాగా బండి కదిలించాడు. అది వేగం అందుకోగానే, ఇన్నేళ్లు బస్సు తోలిన ఎడమకాలు గేరు మార్చడానికి దానంతట అదే లేచి, లేని క్లచ్చును ఫటీమని తొక్కింది. అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. వ్యాను గుంజ పాతినట్టు ఆగింది. కన్నుసామి నుదురు స్టీరింగుకు కొట్టుకుంది, వెనక బుట్టలు దొర్లాయి. సర్దుకుని మళ్లీ కదిలించాడు. మళ్లీ అదే కాలు, అదే దెబ్బ. ఈసారి వెనక తలుపు ఊడి పండ్లు రోడ్డంతా పారాయి.

బొమ్మయ్య నవ్వాడు. కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వి, దిగి వచ్చి డ్రైవరు తలుపు తెరిచాడు.

"దిగు తమ్ముడూ. ఈ బండికి నీకు ఒక కాలు ఎక్కువ."