జార్జియాలో ఒక సమాధి దగ్గర

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సెక్కాలన్నా మా అన్న తోడు రావాల్సిందే. అలాంటి నేను జార్జియాకు డాక్టరు చదువుకు వెళ్లిన రెండో ఏడు, ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా కొండ ఊళ్లు తిరగడం మొదలుపెట్టాను.

ఒకసారి మినీబస్సులో పక్కన కూర్చున్న ముసలామె నన్ను తనతో రమ్మంది. ఇంటికేమో అనుకున్నాను. తీసుకెళ్లింది శ్మశానానికి. అక్కడ సమాధుల పక్కనే బల్లలు, బెంచీలు ఉన్నాయి. చనిపోయినవాళ్ల దగ్గర కూర్చుని తినడం వాళ్ల ఆచారమట. కూతురి సమాధి దగ్గర కూర్చుని, తెచ్చిన రొట్టె తుంచి నాకూ పెట్టింది.

"నీలాగే ఒక్కతే తిరిగేది. చెప్పకుండా కొండల్లోకి పోయింది. ఎక్కడ వెతకాలో మాకు తెలియలేదు. మంచు కరిగాకే దొరికింది," అంది. నాకొచ్చిన కాస్త జార్జియన్‌తోనే అంతా అర్థమైంది.

"నువ్విక్కడున్నట్టు మీ అమ్మకు తెలుసా?" అని అడిగింది. తెలియదన్నాను. అక్కడికక్కడే ఫోన్ చేయించింది.

"ఒక్కదానివే గుట్టలల్లకు పోయినవా? చెప్పి పోవద్దా బిడ్డా? నీకేమన్న అయితే మేమెట్ల బతకాలె?" అమ్మ ఏడుస్తూ తిట్టింది. తట్టుకోలేక పెట్టేయబోయాను. ముసలామె నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, ఫోన్ తన చెవికి ఆనించుకుని అమ్మ తిట్లన్నీ చివరిదాకా వింది.