నా పేరు పక్కన ఉద్యోగం

ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి పేరు పక్కన ఏ అబద్ధం అచ్చయిందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కొత్తపేటలో నాకు ప్రెస్సు ఉంది. కాలేజీల కరపత్రాలు, అంబాజీపేట కొబ్బరి వర్తకుల బిల్లు పుస్తకాలు, చర్చి సభల పోస్టర్లు అన్నీ వేస్తాం గానీ, ఎక్కువగా వేసేది పెళ్ళి కార్డులు. మా కోనసీమలో పెళ్ళి కార్డు మీద పేరు ఒంటరిగా ఉండకూడదు. పక్కన చదువు ఉండాలి, దాని పక్కన ఉద్యోగం ఉండాలి. పెళ్ళికొడుక్కే కాదు, ఆహ్వానించే పెదనాన్నకీ, మేనత్త భర్తకీ కూడా. పరీక్షలు తప్పి డిగ్రీ చేతికి రానివాళ్ళకి ఆ డిగ్రీని బ్రాకెట్లలో వేస్తాం. ఆ బ్రాకెట్ల అర్థం చదివే ప్రతివాళ్ళకీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కొరియర్ సంచీ మోసే అతన్ని 'లాజిస్టిక్స్' అని వేశాను. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే ఆయన్ని 'ఆక్వా' అని వేశాను. నాకేం నష్టం, కస్టమరు రాసిచ్చిందే కదా.

ఒళ్ళు మండేది ఎప్పుడంటే, ఆ కార్డులు వేయించుకునేవాళ్ళే నా కుర్చీ వెనక గోడ మీదున్న ఎమ్మెస్సీ ఫిజిక్స్ పట్టా చూసి జాలి పడినప్పుడు. "అయ్యో, ఇంత చదువూ చదివి ఇక్కడున్నారేంటండి? నోటిఫికేషన్లేవీ పడలేదాండి?" అంటారు. ఇక్కడ అంటే ఎక్కడ? నా ప్రెస్సులో, నా కుర్చీలో, నేను జీతాలిచ్చే మనుషుల మధ్య. ఆసుపత్రి మంచం మీదున్న మనిషిని పలకరించినట్టు పలకరిస్తారు. మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఊరుకోవడం లేదు. "పడ్డాయండి, నేనే వెళ్ళలేదు" అంటున్నాను.

చదువుకి తగిన ఉద్యోగం నేను చేయకపోలేదు. ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో మూడేళ్ళు ఫిజిక్స్ లెక్చరర్‌గా చేశాను. ఆ మూడేళ్ళలో నాకు గుర్తున్నవి పాఠాలు కాదు, ఎండాకాలాలు. పదో తరగతి పరీక్షలు అవగానే లెక్చరర్లందరికీ ఊళ్ళు పంచేసేవారు. నా వంతుకి ఉప్పలగుప్తం వైపు ఊళ్ళు వచ్చేవి. పిల్లల పేర్లున్న కాగితం పట్టుకుని, నెత్తికి చున్నీ చుట్టుకుని, స్కూటీ మీద ఇల్లిల్లూ తిరగాలి. మా కాలేజీలో చేర్పించండి బాబూ అని బతిమాలాలి. చెప్పినన్ని సీట్లు తేకపోతే వేసవి జీతం ఆగిపోతుంది. దానికి క్యాన్వాసింగ్ అని పేరు. కొందరు కూర్చోబెట్టి మర్యాద చేసేవారు. కొందరు గుమ్మం బయటే నిలబెట్టి, "మొన్ననే ఇంకో కాలేజీ వాళ్ళు వచ్చేరండి, మీరు ఫీజెంత తగ్గిస్తారు?" అని అడిగేవారు. కూరగాయల బండి దగ్గర బేరమాడినట్టే ఉండేది.

ఒక ఇంట్లో ఒకావిడ నాకు మజ్జిగ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి అడిగింది. "మా పిల్ల మీ కాలేజీలో చదివితే ఉద్యోగం వస్తదాండి?" ఫిజిక్స్ చదివితే ఏ ఉద్యోగం వస్తుందో చూపించడానికి నేనే ఆవిడ అరుగు మీద చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాను. అయినా "వస్తుందండి" అన్నాను. ఆ పిల్ల చేరింది. అబద్ధాల సంగతి ఎత్తాను కాబట్టి నాదీ చెప్పుకోవాలి. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ వేసవిలోనే కాలేజీ కరపత్రాలు పాడైపోయి వచ్చాయి. ర్యాంకులు వచ్చిన పిల్లల మొహాలు నీలంగా ఉన్నాయి, పెదాల ఎరుపు చెంపల మీదకి జరిగిపోయింది. పోట్లాడి మళ్ళీ వేయించుకు రమ్మని యాజమాన్యం నన్నే కొత్తపేట ప్రెస్సుకి పంపింది. అప్పటి యజమాని పెద్దాయన. "ఫొటోలే బాగాలేవండి" అన్నారు. బల్ల మీద భూతద్దం ఉంటే తీసి కరపత్రం మీద పెట్టాను. రంగుల బొమ్మ అంటే నాలుగు రంగుల చుక్కలు. ఎక్కడ పడాల్సినవి అక్కడ పడితే అది మొహం, కాస్త జరిగితే అది గోల. కాగితం దొంతర ఎక్కడ పెడుతున్నారని అడిగాను. కాలవ వైపు కిటికీ కింద పెడుతున్నారు. మా గాలిలో తేమకి కాగితం సాగుతుంది. ఒక రంగు పడ్డాక రెండోది పడేలోపు కొలత మారిపోతుంది. ఆ సంగతి చెప్పి, దొంతర చోటు మార్పించి, నాలుగు రంగులూ సరిగ్గా కూర్చునేదాకా మిషన్ పక్కనే నిలబడ్డాను. పోట్లాడాలన్న సంగతే మర్చిపోయాను. మూడేళ్ళుగా నల్లబల్ల మీద రాసి చెరిపేసిన చదువు ఆ రోజు నా కళ్ళ ముందు పని చేసింది. వెళ్ళేటప్పుడు పెద్దాయన, "మా ప్రెస్సుకి వచ్చేయకూడదాండి?" అన్నారు. తర్వాతి నెలలోనే వెళ్ళిపోయాను.

డిజైన్ చేయడం, దాన్ని అచ్చు రేకు మీదకి ఎక్కించి ప్లేటు తీయడం, మిషన్ నడపడం వరసగా నేర్చుకున్నాను. మోకాళ్ళు సహకరించక పెద్దాయన మానుకున్నప్పుడు బ్యాంకు లోను పెట్టి ప్రెస్సు నేనే తీసుకున్నాను. పట్టా గోడకి తగిలించింది కూడా ఆయనే. తర్వాత పెద్ద మిషన్ వచ్చింది. ఇప్పుడు అమలాపురం, రాజోలు కార్డుల షాపుల వాళ్ళు మోడళ్ళు చూపించి ఆర్డర్లు మాత్రం తీసుకుంటారు. అచ్చు పని నాకు పంపిస్తారు.

ఇదేదీ మా నాన్నగారికి ఆనలేదు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. మా తాత ఒకరి పొలంలో పాలేరు. ఆ తాత కొడుకైన నాన్నగారు క్రైస్తవ మిషనరీల బడిలో చదువుకుని మాస్టారై, అదే ఊళ్ళో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను కాలేజీ మానేసిన రోజు ఆయన అన్నది నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది. "మీ తాతని ఊళ్ళో చిన్నా పెద్దా ఒరేయ్ అనే పిలిచేరమ్మా. నన్ను మాస్టారండీ అన్నారు. చదువంటే అది. నువ్వు మళ్ళీ చేతులకి మసి పూసుకుంటానంటావేంటి?" ఆయన బాధ నాకు అర్థమైంది. కానీ లెక్చరర్‌గా ఉన్నప్పుడే నన్ను గుమ్మం బయట నిలబెట్టారని, ప్రెస్సులో ఎవరూ నిలబెట్టలేదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినిపించుకోలేదు. పదేళ్ళలో ప్రెస్సు గుమ్మం తొక్కలేదు. ఇంటికొచ్చిన ప్రతి శుభలేఖనీ మాత్రం ఎర్ర పెన్ను పట్టుకుని చదువుతారు. దీర్ఘం లోపించినా, ఒత్తు జారినా గీత పెట్టి పైన రాస్తారు. అది ఎవరి పెళ్ళైనా సరే.

పోయిన ఏడాది మా తమ్ముడికి పెళ్ళి కుదిరింది. అప్పుడు వచ్చారు మొదటిసారి. తెల్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో కార్డు మొత్తం రాసి తెచ్చారు. పైన బైబిల్ వాక్యం, కింద వధూవరులు, చివర ఆహ్వానించువారు. అక్కాబావల వరసలో మా ఆయన పేరు పక్కన లైన్‌మన్ అని ఉన్నదున్నట్టు రాశారు. స్తంభాలెక్కే పనైనా గవర్నమెంటుది కదా. నా పేరు పక్కన ఎమ్మెస్సీ ఫిజిక్స్ అని రాసి, దాని పక్కన లెక్చరర్ అని రాశారు.

"నాన్నగారూ, నేను కాలేజీ మానేసి పదేళ్ళయిందండి" అన్నాను.

"తెలుసమ్మా. అమ్మాయి తరపువాళ్ళింట్లో అందరూ టీచర్లే. కార్డు మీద ఒక మాట ఉంటే నీకేం పోతది?"

"ప్రెస్సు యజమాని అని వేస్తే మీకేం పోతదండి?"

ఆయన చుట్టూ చూశారు. మిషన్ నడుస్తోంది. కట్టలు కట్టిన కార్డులు గోడ వారగా ఎత్తుగా ఉన్నాయి. నా దగ్గర పనిచేసే ఇద్దరు తలలు వంచుకుని మా మాటలు వింటున్నారు. "అది ఉద్యోగం కాదమ్మా" అన్నారు.

నాకు చెవుల్లోంచి ఆవిర్లొచ్చాయి. ఊళ్ళో వాళ్ళ అబద్ధాలన్నీ వేసినదాన్ని, ఈ ఒక్కటీ వేయలేనని తెలిసిపోయింది. "ఆ మాట నా మిషన్ మీద అచ్చవదండి" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "అయితే అమలాపురంలో వేయించుకుంటాలే" అని గొడుగు తీసుకుని బస్సుకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేసి, "ఒక్క మాటే కదక్కా, నాన్నగారి కోసం వదిలెయ్యి" అన్నాడు. ఒక్క మాటే. వాడి పేరు పక్కన ఉన్న మాట ఎవరూ మార్చలేదు కాబట్టి వాడికి అది ఒక్క మాటే.

నాలుగు రోజులకి అమలాపురం షాపతను ఫోన్ చేశాడు. అతనికి నేను ప్రెస్సు మేడం గారినే, నా పేరు ఎప్పుడూ అడగలేదు. "అర్జంటు పనండి మేడం గారూ. ప్రూఫు మీద సంతకం అయిపోయిందండి. ఒక్క అక్షరం ముట్టుకోవద్దన్నారండి. తెలుగు మాస్టారంట, మా షాపులో కూర్చుని నాలుగుసార్లు దిద్దేరండి" అన్నాడు. అతను పంపిన ఫైలు తెరిచాను. ఎదురుగా మా తమ్ముడి పెళ్ళి కార్డు. ప్రూఫు ఫొటోలో నాన్నగారి సంతకం, కింద పొడుగ్గా లాగిన గీతతో సహా.

నన్ను తప్పించుకోవడానికి ఆయన అమలాపురం దాకా వెళితే, ఆ కాగితం తిన్నగా నా బల్ల మీదకే వచ్చింది. ఆయనకి ఆ సంగతి తెలియదు. పదేళ్ళలో ఒక్కసారైనా నీ పనేంటమ్మా అని అడిగి ఉంటే తెలిసేది. నవ్వు రాలేదు, మండుకొచ్చింది. ఆ మాట తీసేయడం నాకు క్షణం పని. వేలు దానిమీదే పెట్టుకుని కూర్చున్నాను. కానీ కస్టమరు సంతకం పెట్టాక అక్షరం మార్చకూడదన్నది మా పనిలో మొదటి నియమం. నా కోసం నేనే ఆ నియమం తప్పితే, ఇది ఉద్యోగం కాదన్న ఆయన మాట నేనే నిజం చేసినట్టవుతుంది. ప్లేటు తీయించి, మిషన్ దగ్గర నేనే నిలబడి అయిదు వందల కార్డులూ వేశాను. వర్షాకాలంలో కూడా రంగులు వెంట్రుకవాసైనా జరగలేదు. అంత మంచి అచ్చు ఆ ఏడాదిలో మళ్ళీ పడలేదు.

షాపతనికి చెప్పి, కట్టలు నేనే స్కూటీ మీద మా పుట్టింటికి తీసుకెళ్ళాను. నాన్నగారు వరండాలో ఉన్నారు. కట్టల మీద నా ప్రెస్సు చీటీ చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

"నువ్వు వేసేవా?"

"ఆయ్. ఆ షాపు పనులన్నీ నేనే వేస్తానండి."

ఆయన ఒక కార్డు తీసి, పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివారు. వెలుగులో వాల్చి చూశారు. అక్కాబావల వరస దగ్గర వేలు ఆగింది, మళ్ళీ కదిలింది. "తప్పుల్లేవు" అన్నారు.

"ఒకటుందండి" అని, మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

పెళ్ళికి వారం ముందు పద్ధతి ప్రకారం పిలవడానికి మా ఇంటికి వచ్చారు. పళ్ళు, చీర బల్ల మీద పెట్టి, పైన కార్డు పెట్టి నా వైపు జరిపారు. తెరిచి చూశాను. నా పేరు పక్కన లెక్చరర్ అన్న మాట మీద ఎర్ర గీత ఉంది. పైన ఆయన చేతి రాతతో, ప్రెస్సు యజమాని అని ఉంది.

ఆ రెండు మాటలూ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. కాదనను.

"మిగతావి ఏం చేశారండి?" అని అడిగాను.

"పంచేసేనమ్మా" అన్నారు, నేల చూస్తూ.

అయిదు వందల ఇళ్ళల్లో నేను లెక్చరర్‌ని. నిజం రాసిన కార్డు ఒక్కటే ఉంది, అది చూడాల్సిన అవసరం లేని ఒకే ఒక్క మనిషికి తెచ్చి ఇచ్చారు. చీర, పళ్ళు తీసుకున్నాను. కార్డు మాత్రం మడిచి ఆయన చేతిలో పెట్టేశాను.

"ప్రూఫులో దిద్దితే నేను మార్చేదాన్ని కదండీ నాన్నగారూ. పంచేశాక దిద్దితే ఎవరు చదువుతారండి?"