పద్నాలుగో సమాచారదాత

నకిరేకల్ పక్కన ఎండిపోయిన బత్తాయి తోటల మీద పరిశోధన చేసి, తెలంగాణ వచ్చిన కొత్తలో డాక్టరేట్ తెచ్చుకున్నాను. దాన్నే వ్యాసంగా రాసి, ఒక పత్రికలో సంపాదకుడిగా ఉన్న నా చిన్ననాటి స్నేహితుడికి ఇచ్చాను. కళ్లు మూసుకుని వేస్తాడనుకున్నాను.

రమ్మంటే నల్లగొండలో వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. అక్కడ యాదమ్మ కూర్చుని ఉంది! తన తోట గురించి నాకు మూడు రోజులు చెప్పుకున్న రైతు ఆమె. వాడే పిలిపించాడట. అందరి ముందూ నా వ్యాసాన్ని ఆమెకు గట్టిగా చదివి వినిపించాడు.

ఆమె చివరిదాకా విని నా వైపు తిరిగింది. "సారూ, చెట్లు కొట్టేసిన దినం మా ఆయన బువ్వ ముట్టలేదని చెప్పిన గదా. గిండ్ల నేనేడున్న?"

"పద్నాలుగో సమాచారదాత అంటే నువ్వేనమ్మా" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

"ఆమెకే సమజ్ కాకపోతే పేపర్ల ఎవలు సదువుతర్రా?" అంటూ వాడు కాగితాలు నా ఒళ్లో పడేశాడు.

నమ్మి ఇస్తే పరువు తీశాడని రెండు నెలలు వాడి ఫోన్ ఎత్తలేదు. ఆ కసితోనే, ముట్టని ఆ బువ్వతో మొదలుపెట్టి వ్యాసం మళ్లీ రాసి వాడికే పంపాను. ఒక్క అక్షరం మార్చకుండా వేశాడు.

వాడు చేసింది ద్రోహమేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ గదిలో నాకంటే ముందే, నా చేతిలో మోసపోయింది యాదమ్మ.