తెల్లబడిన స్పార్క్ ప్లగ్

రిటైర్మెంటుకు ముందటి శీతాకాలం, దక్షిణార్ధగోళంలో చలి మొదలయ్యే జూన్ నెలలో, విక్టోరియా కొండల్లోని ఒక స్కీ రిసార్టులో వర్క్‌షాప్ సూపర్‌వైజరుగా చేరాను. ఇల్లు దూరంగా వెర్రిబీ అనే ఊళ్లో; సీజనంతా మకాం కొండమీద. అక్కడి స్నోమొబైళ్ల బాధ్యత నాది. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టాతో మంచుమీద పరిగెత్తే మోటారుసైకిళ్లవి.

రెస్క్యూ బండి ఒకటి సరిగా లాగడం లేదని రిసార్టువాళ్లు దాన్ని కింద ఊళ్లో ఒక షాపుకు పంపి కొత్త సైలెన్సర్ పైపు, గాలి ఎక్కువ పీల్చే ఫిల్టరు వేయించారు. అది టూ-స్ట్రోక్ ఇంజిన్. లోపలికి వెళ్లే గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. కార్బురేటర్లో పెట్రోలును కొలిచి వదిలే సన్నటి బెజ్జమున్న ఇత్తడి ముక్కను జెట్ అంటాం. పైపు మారిస్తే జెట్టూ మార్చాలి. బండి సాయంత్రం చేరింది. నేను పరీక్షించేదాకా తీయొద్దని హ్యాండిలుకు ఎర్ర ట్యాగు కట్టాను.

పొద్దున వెళ్తే ట్యాగు నేలమీద ఉంది, బండి లేదు. పైన ఎవరికో తొడ ఎముక విరిగిందట. రెండో బండి వేరేచోట ఉండటంతో రెస్క్యూ టీమ్ హెడ్ లియాన్ దీన్నే తీసి, క్లినిక్ డాక్టరు శ్రీలతను వెనక ఎక్కించుకుని వెళ్లింది. శ్రీలత గుంటూరమ్మాయి. నేను రేడియో అందుకునేసరికి ఆమె గొంతే వినిపించింది.

“అంకుల్, బండి సూపర్‌గా లాగుతోంది! ఇంత పవర్ ఎప్పుడూ చూళ్లేదంటోంది లియాన్!”

పెట్రోలు చాలని టూ-స్ట్రోక్ ఇంజిన్ చెడిపోయే ముందు అలాగే ఉరుకుతుంది. తర్వాత పిస్టన్ కరిగి, ఇంజిన్ ఉన్నట్టుండి బిగుసుకుని పట్టేస్తుంది. వాళ్లు ఎక్కబోయేది నిటారు వాలు. అక్కడ పట్టేస్తే బండి ఇద్దరితో సహా వెనక్కి జారుతుంది.

“ఆపమనమ్మా! ఇంజిన్ కట్ చేయమను, ఇప్పుడే!”

“పేషెంట్ పైన ఉన్నాడంకుల్...”

“నడిచి వెళ్లండి! ముందు ఆపు!”

ఇంజిన్ మోత ఆగింది. వెంటనే లియాన్ నన్ను కడిగేసింది. ఆ మనిషికి ఏమైనా అయితే బాధ్యత నాదేనంది. ఇద్దరూ మందుల సంచి మోసుకుంటూ మంచులో నడిచి ఎక్కారు. అతను చలికి, నొప్పికి వణికిపోతున్నా స్పృహలోనే ఉన్నాడట. కట్టుకట్టి, ఈలోగా చేరుకున్న రెండో బండిమీద దింపారు. బతికాడు.

మధ్యాహ్నం లియాన్ ఎదుటే ఇంజిన్ విప్పాను. ప్లగ్ సుద్దముక్కలా తెల్లగా ఉంది. పెట్రోలు తక్కువై విపరీతంగా వేడెక్కిందనడానికి అదే గుర్తు. షాపువాళ్లు జెట్టు ముట్టుకోనేలేదు. పిస్టన్ అంచు కొవ్వొత్తిలా కారి ఉంది. నడుమ స్క్రూడ్రైవరు మొన ఆనించాను, నొక్కలేదు. లోపలికి దిగిపోయింది. లియాన్ స్క్రూడ్రైవరు తీసుకుని తానూ ఒకసారి ఆనించి చూసింది. అనుమానపడటం వేరు, ఆ బెజ్జం కళ్లారా చూడటం వేరు.

కొత్త పిస్టన్ వేశాక పెద్ద జెట్‌తో మొదలుపెట్టాను. కాసేపు ఫుల్ థ్రాటిల్‌లో నడపడం, టక్కున ఆపడం, ప్లగ్ విప్పి చూడటం. నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, కాస్త చిన్న జెట్ వేయాలి. వేయించిన వేరుశనగ పొట్టు రంగు వచ్చేదాకా అదే పని.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, మార్పులు చేసిన బండి ఎన్నడూ లేనంత బాగా నడుస్తోందని ఎవరన్నా దాన్ని మెచ్చుకోలుగా తీసుకోలేదు. ముందు ఇంజిన్ ఆపించి, ప్లగ్ విప్పమనేవాణ్ణి.