మగ్గం గుంట మీద మూత

చిట్యాల పోయే బస్సు ఆగవలసిన చోట ఆగేది కాదు. ఊరి బయట తుమ్మచెట్టు కింద పదిమందిమి నిలబడేవాళ్లం. డ్రైవరు మమ్మల్ని చూసేవాడు, మేమూ ఆయన్ని చూసేవాళ్లం. ఆ పలకరింపు అయినంక బస్సు ఇంకో యాభై అడుగులు పోయి ఆగేది. ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో దిద్దవలసిన కాపీల సంచీ పట్టుకుని కాలేజీ చదివిన పంతులమ్మ పరుగెత్తడం చూసి కండక్టరు రోజూ కొత్తగా నవ్వేవాడు. చెట్టు దగ్గరే ఎందుకు ఆపరని ఒకరోజు అడిగాను. అక్కడ జనం ఉంటరు గదమ్మా, అన్నాడు.

అవి రాష్ట్రం ఒకటైన కొత్త రోజులు. నేను పుట్టి పెరిగింది మహబూబ్‌నగర్‌లో. మాదీ నేత కులమే గాని, మా తాత కాలంలోనే మగ్గం వదిలి కచేరీలో గుమస్తాగిరీ పట్టిన ఇల్లు. హైదరాబాదులో చదువు ముగించి, చిట్యాల బడిలో పని దొరికించుకుని, ఆ దగ్గరి ఊళ్లో మగ్గం ఇంకా ఆడుతున్న ఇంటికి కోడలినై వచ్చాను. మగ్గం నేసేది మామ. నా చదువంటే ఆయనకు గౌరవమే. నేను ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుని గోడకు జరిగేవాడు. నేనేమో తలుపు చాటుకు పోయేదాన్ని. మామాకోడండ్లు నేరుగా మాట్లాడుకోకపోవడం ఆ వాడ రివాజు. మధ్యలో పిల్లలుండాలి. నేను చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నా, "మీ అమ్మను జర మంచినీళ్లియ్యమను బిడ్డా" అని మామ నా కూతురితో అనేవాడు. దానికి ఏడేండ్లు. మా ఇంట్లో తెరిపి లేని ఉద్యోగం దానిదే.

ఇంటికి రెండు గదులు. ముందుగది మగ్గానిది. రెండో గదిలో మేము ఆరుగురం. మగ్గం కింద గుంట ఉంటుంది. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్లు అందులోకి జారవిడిచి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతుంటాడు. పెద్దవాళ్లకు తొడల లోతు, మూడేండ్ల నా కొడుక్కు మెడదాకా వస్తుంది. మామ మగ్గం దిగితే చాలు, వాడు ఆ గట్టు మీదికి చేరి తాత లాగే కాళ్లు జారవిడిచేవాడు. వాడి కాళ్లు చెక్కలకు అందవు. అందుకోవాలని ముందుకు వంగేవాడు.

మొదటిసారి పడ్డప్పుడు, నేను బడి నుంచి వచ్చేసరికి మోకాలికి పసుపు పూసి ఉంది. రెండోసారి, సాయంత్రం వచ్చి చూస్తే కింది పెదవి ఉబ్బి, వాడు మాట్లాడితే ఇంకెవరో మాట్లాడినట్లుంది. మూడోసారి చెక్క అంచు తగిలి ఎడమ కనుబొమ్మ చీలింది. నేను బడి నుంచి ఇల్లు చేరేలోపే నల్లగొండ దవాఖానకు తీసుకపోయి కుట్లు వేయించుకుని వచ్చారు. వెంట్రుకవాసి కిందికి తగిలితే కన్ను పోయేదని డాక్టరు అన్నాడట. ఆ మాట అత్త నాకు అన్నం వడ్డిస్తూ, కూరలో ఉప్పు తక్కువైందన్న గొంతుతోనే చెప్పింది. ఆ వెంటనే ధైర్యమూ చెప్పింది. గుంటలో పడని పిల్లవాడు ఆ ఇంట్లో ఇంతవరకు పుట్టలేదట. మా ఆయన గడ్డం ఎత్తి, ఐదో ఏట తగిలిన తన మచ్చ చూపించాడు. నేను నా డిగ్రీ కాగితాన్ని కూడా అంత గర్వంగా ఎవరికీ చూపలేదు.

గుంటకు ఏదన్నా అడ్డం పెట్టాలని మా ఆయనతో అన్నాను. ఆలోచిద్దాం అన్నాడు. వారం ఆగి మళ్లీ అడిగాను. ఆలోచిస్తున్న అన్నాడు. ఇంకో వారం ఆగి అడిగితే, అడిగిందే అడుగుతవేంది, ఆలోచిస్తున్ననని చెప్పిన గదా అని విసుక్కున్నాడు. తాలూకా కచేరీలో ఆయన పని కూడా అదే కాబట్టి, ఇంటికి వచ్చినా అలవాటు పోదని సర్దుకున్నాను.

నాకు కొంచెం కోపం వచ్చింది. కొంచెమంటే, ఆ నెల మా బడిలో ఒక్క పిల్లా పలక మరిచిపోయి రాలేదు.

బడికి దేశపటాలు, భూగోళం వచ్చిన దేవదారు పెట్టె ఒకటి వరండాలో పడి ఉండేది. హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగి, విడగొట్టించి, ఆ పలకలు బస్సు మీద వేయించుకుని ఒక శనివారం ఇంటికి తెచ్చాను. ఆ పొద్దున్నే మామ నార్కట్‌పల్లిలో చెల్లెలి ఇంటికి పోయాడు. ఆదివారం పొద్దుగూకే వేళకు వస్తానన్నాడు. ఆదివారం అన్నం తిన్నంక అత్త వెనకవాడలో పసిబిడ్డను తొట్టెల్లో వేస్తుంటే పోయింది. మా ఆయన క్షవరానికి పోయాడు. అది ఆయనకు వారానికొక పూట పని. ఇల్లు నాకూ పిల్లలకూ మిగిలింది.

ఎదురింటి నుంచి సుత్తె, రంపం అడిగి తెచ్చాము. నిజం చెప్పాలంటే, నా పెండ్లయినంక అంత సుఖంగా గడిచిన మధ్యాహ్నం ఇంకొకటి లేదు. కూతురు తాత గుడ్డ కొలిచే పట్టీ తెచ్చి గుంట పొడుగు, వెడల్పు కొలిచింది. నేను కోశాను. నా రంపపు కోత నా చేతిరాతలాగే ఒక పక్కకు వాలింది. కొడుకు మొలల డబ్బా ముందు కూర్చుని ఒక్కొక్క మొల అందించాడు. ప్రతి మొలకూ వాడికి నచ్చజెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఇచ్చిన మొల పలకలోకి దిగిపోయి మళ్లీ తిరిగి రాకపోవడం వాడికి అన్యాయంగా తోచింది. పది మొలల్లో నాలుగు వంగాయి. ఐదోదానికి వేసిన దెబ్బ నా బొటనవేలి మీద దిగింది. అప్పుడు నేనన్న మాట మా కూతురు ఇప్పటికీ మరిచిపోలేదు.

సాయంత్రం నాలుగింటికి మూత తయారైంది. రెండు పక్కలా ఎత్తడానికి తాడు పిడులు పెట్టాను. మగ్గానికి ఎక్కడా మొల తగలనియ్యలేదు. పొద్దున ఎత్తి గోడకు ఆనిస్తే మామ పని మామది, మగ్గం దిగినంక పెడితే పిల్లవాడి బతుకు పిల్లవాడిది. వాడిని మూత మీద నిలబెట్టి దుంకమన్నాను. దుంకాడు. కూతురూ దుంకింది. ఎవరూ చూడటం లేదు గనక నేనూ ఒకసారి దుంకాను. మూత గట్టిగానే నిలిచింది. కొత్త వస్తువు చూసి సంతోషం పట్టలేక కూతురు దాని నిండా సున్నంతో ముగ్గేసి, పెరట్లోంచి బంతిపూలు కోసుకొచ్చి నాలుగు మూలలా పెట్టింది. బాగుందమ్మా అన్నాను. ఆ మాట కూడా నాదే.

అప్పుడే పక్కింటి పెద్దవ్వ చల్ల గిన్నె పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. మగ్గం వైపు చూసింది. ఖాళీ గట్టు, మూసిన గుంట, పూలు చూసింది. గిన్నె గడప మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కు తిరిగింది. ఈమెకూ మూత నచ్చిందనుకున్నాను.

కొంతసేపటికి వాడ చివర ఏడుపు వినబడింది. ఎవరు పోయారో చూద్దామని నేనూ బయటికి వచ్చాను. నలుగురు ఆడవాళ్లు మా అత్తను రెక్కలు పట్టుకుని తెస్తున్నారు. ఆమె జుట్టు విడిపోయింది, కాళ్లకు చెప్పుల్లేవు, గుండె మీద కొట్టుకుంటోంది. నన్ను దాటుకుని లోపలికి పోయి ఆ మూత మీద బోర్లా పడింది. నన్ను ఇడిసిపెట్టి ఏడికి పోతివి, పెద్దమనిషీ, అని ఆమె ఏడ్చింది. నార్కట్‌పల్లి నుంచి కబురొచ్చిందనుకున్నాను. కబురేమిటని పెద్దవ్వను అడిగాను. ఆమె వింతగా చూసి, గుంట మూసింది నువ్వే గదా అన్నది.

అప్పుడు చెప్పారు. ఆ వాడలో మగ్గం గుంట మీద పలకలు వేసేది నేసే మనిషి పోయినప్పుడే. పదో దినం దాకా మూసి ఉంచి, పూలు పెట్టి, కర్మ అయినంక తెరిచి కొడుకును కూర్చోబెడతారు. నేను కోడలినై వచ్చినంక ఆ వాడలో నేసేవాళ్లెవరూ పోలేదు. ఇది పుట్టిన పసిబిడ్డకు కూడా తెలుసట. కాలేజీలో చెప్పలేదని అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మామ సుఖంగా ఉన్నాడని, పిల్లవాడు పడకుండా నేనే మూత చేశానని అత్తకు ఒకటికి మూడుసార్లు చెప్పాను. ఆమె ఏడుపు ఆపి లేచి కూర్చుంది. జుట్టు ముడి వేసుకుంది. అప్పుడు మొదలుపెట్టింది. నా చదువు, నా పుట్టిల్లు, మహబూబ్‌నగర్, ఆ ఊరికి నీళ్లిచ్చే చెరువు, ఒక్కొక్కటిగా అన్నిటికీ వాటి వంతు అందింది. ఆమె తప్పని నేననలేను. భర్త పోయాడని విని నడివాడలో చెప్పుల్లేకుండా పరుగెత్తిన మనిషి. కాని ఆమె వెనక నిలబడి తలలూపుతున్న ఆడవాళ్లను చూసేసరికి నా లోపల నెల నుంచి ఉడుకుతున్నది పొంగింది.

"చచ్చిపోయినోళ్లకైతే మూత ఉన్నదన్నట్టు," అన్నాను. "బతికున్న పోరనికి లేదా?"

సరిగ్గా ఆ సమయానికి మా ఆయన వచ్చాడు. తండ్రి పోయాడన్న కబురు ఆయనకు కత్తి కింద తెలిసింది. ఒక దవడ నున్నగా ఉంది, ఇంకో దవడ మీద సబ్బు నురగ ఆరిపోయి ఉంది, మెడలో మంగలి తువాలు. అసలు సంగతి విని గోడకు చేరగిలబడ్డాడు. ముందు నన్నొక మాట అడగకపోయినవా అన్నాడు. ఆ ముఖంలో ఏ సగంతో మాట్లాడాలో నాకు తెలియలేదు.

ఆడవాళ్లు ఇండ్లకు పోలేదు. నా మాట ఒక్కటి నమ్మి పోవడానికి వాళ్లకు మనసొప్పలేదు. మనిషిని కళ్లారా చూసి పోతామని అరుగు మీద కూర్చున్నారు. చల్లగిన్నె వాళ్ల మధ్య తిరిగి ఖాళీ అయింది. పొద్దుగూకుతుండగా మామ చంకలో మూటతో వాడ మలుపు తిరిగాడు. తనింటి ముందు అంతమందిని చూసి నడక ఆపాడు. అత్త మళ్లీ ఏడ్చింది, ఈసారి ఆయన్ను తిడుతూ. పెద్దవ్వ పోయి ఆయన చెయ్యి పట్టుకుని చూసి, ఉన్నడు అని అందరికీ చెప్పింది. వాళ్లు కొంచెం నిరాశగా లేచి పోయారు.

నేను తలుపు చాటుకు చేరాను. మామ ముందుగదిలోకి వచ్చి, మూత వైపు చాలాసేపు చూశాడు. ఎవరూ చెప్పకుండానే ఆయనకు అంతా అర్థమైనట్లుంది. వంగి నాలుగు మూలల బంతిపూలు తీసి నా కొడుకు దోసిట్లో పోశాడు. తాడు పిడులు పట్టి మూత లేపాడు. దాని బరువు చేత్తో తూచి, అడుగు వైపు తిప్పి నా వంకర మొలలు చూశాడు. ఎందరో నేసిన గుడ్డను పరీక్షగా చూసిన కండ్లు అవి. మూత తీసుకపోయి వాకిట్లో చూరు కింద వంటకట్టెల పక్కన పెట్టి వచ్చి, గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి జారవిడిచాడు. పక్కనే నా కొడుకు, వాడి కాళ్లూ గుంటలోనే.

రేపు పొద్దున అది పొయ్యిలోకి పోతుందని నాకు తెలిసిపోయింది.

నా కూతురిని పిలిచి చెవిలో చెప్పాను. అది పోయి, మగ్గం దిగినంక మూత వెయ్యాలంట తాతా అని చెప్పింది. మామ మగ్గం మీది దారం సరిచేసుకున్నాడు. మళ్లీ పంపాను. అది నడుమ నిలబడి ఒకసారి నన్ను, ఒకసారి తాతను చూసి ఏడుపు ముఖం పెట్టింది. నేను తలుపు చాటు నుంచి బయటికి వచ్చాను. అత్త అయ్యో అంటూ కొంగు సర్దుకుంది, పైట జారింది నాదైనట్లు.

"మూడుసార్లు పడ్డడు మామా," అన్నాను. పెండ్లయిన ఎనిమిదేండ్లలో ఆయనతో నేనన్న మొదటి మాట అది. "మూడోసారికి కన్ను పోవుడే తక్కువ. నాలుగోసారి పడేదాంక చూస్తరా? ఆ మూత వెయ్యకుంటే నేను పిల్లలను తీసుకొని చిట్యాలలో కిరాయికి ఉంటా."

మా ఆయన తువాలు మెడలోంచి తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు. మామ తల తిప్పుకోలేదు. నా ముఖంలోకే చూశాడు.

"పడ్డడు, నిజమే," అన్నాడు. "మూడుసార్లూ గుంటల దిగి ఎత్తుకున్నది నేను. నువ్వు ఒక్కసారన్న ఇంట్ల ఉన్నవా?"