చిన్న దిబ్బల వరసలో

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. దేవుడి మీద ఒట్టు వేయను. నా రెండు కళ్ళ మీద ఒట్టు. ఫోటోగ్రాఫరుకు అంతకన్నా పెద్ద ఒట్టు ఏముంది? ఇది జరిగింది... నాకే జరిగింది.

నేను పిరికివాణ్ణి కానని కూడా ముందే చెబుతున్నాను. మాచర్లలో నా స్టూడియోకు వచ్చే బేరాల్లో సగం చావు బేరాలే. బతికున్నంత కాలం ఫోటో దిగని మనిషిని, పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, తల వాలకుండా తువ్వాలు కట్టి, నాకు కబురు పెట్టేవారు. అలా ఎంతమందిని తీశానో! ఒక్కనాడూ ఒళ్ళు జలదరించలేదు.

యాభైల చివరి సంగతి. కృష్ణ మీద డ్యాం కడుతున్నారు. మాచర్లకు పైన ఏటి ఒడ్డున ఉన్న ఊళ్ళు మునుగుతాయి. తవ్వకాల్లో బయటపడ్డ పాత శిల్పాలను, ఖాళీ అవుతున్న ఊళ్ళను ఫోటోలు తీయడానికి ఎక్కడో మంచుదేశం నుంచి లీనా అనే అమ్మాయి వచ్చింది. జీతం లేదు, భత్యం లేదు. ఆ ఫోటోలు తన దేశంలో చూపించి, శిల్పాలను కాపాడటానికీ, ఇళ్ళు పోయిన జనానికీ సాయం అడుగుతుందట. ఆమె కెమెరా మోయడానికీ, మాటలు తర్జుమా చేయడానికీ నేను కుదిరాను. ఊరుగాని ఊరొచ్చి ఉచితంగా ఎండలో మాడటమేమిటని మొదట్లో నవ్వుకున్నాను. పోనుపోను నేనూ కూలి అడగడం మానేశాను.

ఆమెది మూడు కాళ్ళ స్టాండు మీద నిలబెట్టే పెట్టె కెమెరా. చీకటి ఇళ్ళలో తీసేటప్పుడు షట్టరు తెరిచి, లెక్కపెట్టి, మూయాలి. ఊరి పిల్లలు లీనమ్మకు పది దాకా తెలుగు అంకెలు నేర్పారు. పది అయ్యాక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. పిల్లలంతా చుట్టూ చేరి ఆమెతో పాటు అరిచేవాళ్ళు.

ఆ సంవత్సరం సమాధుల పండుగ వచ్చింది. మేం మకాం వేసిన ఊరికి అదే ఆఖరు. అక్కడ క్రైస్తవుల ఇళ్ళే ఎక్కువ. పిల్లలందరినీ ముసలివాళ్ళకు అప్పజెప్పి కొత్త కాలనీకి ముందే పంపేశారు. కొన్ని కుటుంబాలు పూర్తిగా వెళ్ళిపోయాయి. మిగిలిన పెద్దవాళ్ళు పండుగ కోసం ఆగారు. రాత్రి సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి, తెల్లారి బండ్లు కట్టాలి. ఆ వెలుగులో సమాధుల ఫోటో తీసి ఇంటింటికీ ఇస్తానని లీనమ్మ మాట ఇచ్చింది.

తప్పు అక్కడే జరిగింది. ఫోటోలో బాగా పడాలని మగవాళ్ళు సమాధుల దొడ్డంతా ఊడ్చి, గడ్డి చెక్కి, ప్రతి దిబ్బనూ ఒకే తీరుగా సరిచేసి సున్నం కొట్టారు. పెద్దల సమాధులకైతే సిలువలున్నాయి. పసిపిల్లలవి ఒక మూల వరసగా ఉన్న మట్టి దిబ్బలే. గుర్తు కోసం తల్లులు వాటి మీద పెట్టుకున్న గవ్వలు, గాజు ముక్కలు, పిడతలు చెత్తలో పోయాయి.

పొద్దు గుంకాక మరియమ్మక్క కొవ్వొత్తి పట్టుకుని వచ్చింది. ఊళ్ళో జ్వరాలు వచ్చిన ఏడాది పోయిన ఆమె కొడుకు ఆ వరసలోనే ఉన్నాడు. వచ్చి... నిలబడిపోయింది.

"ఈడ పిడత బోర్లిచ్చి పెట్టాను. ఎవురు తీశారు?"

ఆమె మొగుడు ఇన్నయ్య తలొంచుకున్నాడు. చేతుల నిండా సున్నం. "నేనేనే. చెత్తనుకున్నా. ఫోటోలో బాగుంటదని..."

"నా బిడ్డ ఏడున్నాడో ఇప్పుడు చెప్పు! వాణ్ణి చూపిచ్చిందాకా నేను బండెక్కను. నీళ్ళొస్తే రానీ."

"ఏమే, కాలనీలో ఆడపిల్ల నీకోసం ఏడస్తా ఉంటది. దాని మొకం చూడవే."

ఆమె వినలేదు. ఇన్నయ్య ఏడుపు మొహం చూసి నాకు చాలా జాలేసింది.

ప్రార్థన అయింది. జనం కొవ్వొత్తులు పెట్టారు, పిల్లల వరసలో అయితే అంచనా మీదే. పిల్లల వరసలో కొన్ని దిబ్బలు చీకట్లోనే ఉండిపోయాయి, వాళ్ళ తల్లిదండ్రులు ముందే ఊరు వదిలారు కదా. ఫోటోలో అడ్డం రాకుండా అందరినీ కెమెరా వెనక్కు పంపాం. ఎదురుగా ఒక్క మనిషి లేడు.

లీనమ్మ షట్టరు తెరిచింది. "ఒకటి... రెండు... మూడు..."

గాలి లేదు. ఏటి చప్పుడు ఒక్కటే. ఎక్కడో వత్తి చిటపటమంది.

"పది." మళ్ళీ... "ఒకటి..."

అప్పుడు వినపడింది.

"రెండు."

లీనమ్మ గొంతు కాదు. సన్నటి గొంతు... ఆమె మాట వెనకే, రవ్వంత ఆలస్యంగా. "మూడు... నాలుగు..." జలుబు చేసిన పిల్లాడి గొంతు. వెనక నుంచి కాదు. ఎదురుగా... ఆ మూల నుంచి.

ఊళ్ళో పిల్లలు లేరు. ఒక్కరంటే ఒక్కరు లేరు.

నా వీపు మీద చెమట చల్లబడింది. లీనమ్మ లెక్క ఆపలేదు. "ఎనిమిది... తొమ్మిది..." ఆ గొంతు కూడా "తొమ్మిది" అంది. లీనమ్మ లెక్క ఆపేసింది.

ఆ మూల నుంచి... నిదానంగా...

"పది."

లీనమ్మ షట్టరు మూసేసింది.

వెనక నుంచి మరియమ్మక్క కదిలింది. తిన్నగా నడిచి, చీకట్లో ఉన్న ఒక దిబ్బ దగ్గర కూర్చుంది. కొవ్వొత్తి వెలిగించింది. నేను గొంతు విన్నది ఆ చుట్టుపక్కలే.

"ఇదేనయ్యా మనోడిది" అంది మొగుడితో. ఇన్నయ్య అక్కడే కూలబడి దిబ్బను వాటేసుకున్నాడు. దానికి వేరేగా ఫోటో తీశాం. ఈసారి లీనమ్మ మనసులోనే లెక్కపెట్టుకుంది.

బసకు వచ్చాక, ఆ గొంతు వినపడిందా అని ఆమెను అడిగాను. నా వైపు వింతగా చూసింది. "నా వెంట లెక్కపెట్టింది నువ్వు కాదా?"

ఫోటో తీస్తున్నంతసేపూ నేను నోరు మెదపలేదు. మెదపలేదనే అనుకుంటున్నాను.

తెల్లారి మరియమ్మక్క బండెక్కింది. వెనక నడుస్తూ, ఉండబట్టలేక అడిగేశాను.

"అక్కా, రాత్రి పిల్లాడి గొంతు నీకూ వినపడిందా?"

"ఏం గొంతు? నాకేం వినపళ్ళేదు తమ్ముడూ."

"మరి ఆ దిబ్బేనని ఎట్టా తెలిసింది?"

ముందు కూర్చుని బండి తోలుతున్న ఇన్నయ్య వైపు చూసి, గొంతు తగ్గించింది.

"తెలవలా. ఎవురి బిడ్డో, దీపం లేకుండా ఉన్నాడు. ఈయన అట్టా ఏడస్తా ఉంటే చూళ్ళేకపోయా. ఆడ పిల్లదానికీ నేను కావాలిగా. ఈయనకు మాత్రం చెప్పమాక."

చెప్పలేదు. ఊరు మునిగింది. లీనమ్మ తన దేశం వెళ్ళిపోయింది. ఇన్నయ్య బతికున్నన్నాళ్ళూ ప్రతి సమాధుల పండుగకూ కాలనీలో ఆ ఫోటో ముందు కొవ్వొత్తి పెట్టి, కొడుకుతో మాట్లాడేవాడు. మరియమ్మక్క పక్కనే నిలబడేది. నేను కూడా వెళ్ళి ఒకటి వెలిగించేవాణ్ణి.

ఎవరికో... నాకు తెలియదు.