నాలుగో పేజీ కింద చుక్క

సారు ఆ నాలుగో పేజీ చదివి సంతకం పెట్టారా, చదవకుండా పెట్టారా?

పన్నెండేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఇది. జవాబు చెప్పగలిగిన మనిషి పెనుకొండలోనే ఉండేవారు. హిందూపురంలో ప్యాసింజరు ఎక్కితే గంట ప్రయాణం. అయినా వెళ్ళి అడగలేదు. పోయిన నెల ఒక సోమవారం, కాలేజీలో రెండో పీరియడ్ ముగించి స్టాఫ్‌రూముకు వస్తుంటే ఫోను మోగింది. చేసింది సారు భార్య. పెనుకొండ హైస్కూల్లో పనిచేసి రిటైరయిన ఆవిడను మేమందరం టీచరమ్మ అనే పిలుస్తాం. "మీ సారు పోయినాడమ్మా. పొద్దున పేపరు చదువుతా చదువుతా అట్లే ఒరిగిపోయినాడు" అన్నారు. "మూడో పేజీ దాకానే చదివినాడు" అని కూడా అన్నారు.

ఆ సంగతి ఆవిడకెలా తెలిసిందో సారును ఎరిగిన వాళ్ళెవరూ అడగరు. ఆయన ఏది చదివినా చేతిలో పెన్సిలు ఉండాల్సిందే. పేజీ పూర్తయ్యాక కింద కుడిమూలన చిన్న చుక్క పెడతారు. చుక్క లేదంటే చదవలేదని అర్థం. మా థీసిస్ చాప్టర్లకే కాదు, కరెంటు బిల్లుకూ చుక్క పడేది. మా డిపార్టుమెంటు అటెండరు కూతురి పెళ్ళిపత్రిక ఇస్తే, సారు చదివి, చుక్క పెట్టి, "ముహూర్తం కాడ అంకె తప్పు పడినట్లుందే, చూసుకోప్పా" అని వెనక్కి ఇచ్చారు. "ప్రెస్సోడు చూడలే, అయ్యవారు చూడలే, మా సారు కంట్లో పడింది" అని అటెండరు ఆ ముక్క ఏడాది పొడుగునా చెప్పుకున్నాడు.

తొంభైల నడుమ నేను హిందూపురంలో ఫిజిక్స్ లెక్చరర్‌ని. పీహెచ్‌డీ కోసం నాలుగేళ్ళ సెలవు తీసుకుని సారు దగ్గర చేరాను. పొద్దున ప్యాసింజరు నేను హిందూపురంలో ఎక్కితే, సారు పెనుకొండలో ఎక్కేవారు. ఆయన పుట్టిన ధర్మవరం దాటి ఇంకాస్త ముందుకు పోతే యూనివర్సిటీ. నా చదువు సగం ఆ రైల్లోనే జరిగింది. నేను ఏదో ఒకటి గట్టిగా చెప్పేస్తే, "తెలుసు అని చెప్పేది ఎంతసేపమ్మా? తెలీదు అని రాయడానికి కూడా ఒక పేజీ పెట్టుకో" అనేవారు. అప్పట్లో ఆ మాటకు చిరాకు పడేదాన్ని. ఇప్పుడు నా నోటు పుస్తకాల్లో ఆ పేజీలే ఎక్కువ.

మా పని చెప్పడానికి తేలికే. చిప్పులు తయారయ్యేది అప్పడమంత సిలికాన్ బిళ్ళల మీద. ఆ బిళ్ళను కొలిమిలాంటి ఫర్నేసులో పెట్టి వేడిచేస్తే, పైన గాజులాంటి పలచని పొర ఏర్పడుతుంది. కరెంటును ఆపాల్సింది ఆ పొర. అది లీకయితే చిప్పు పనికిరాదు. నేను చేరడానికి చాలా ఏళ్ళ ముందు, ఒక రోజు కరెంటు పోయి మా పాత ఫర్నేసు దానంతట అదే మెల్లగా చల్లారిపోయింది. బిళ్ళ పాడైందని అందరూ అనుకున్నారు. సారు మాత్రం దాన్ని కొలిచి చూశారు. ఆ పొరలో లీకేజీ మామూలుకన్నా తక్కువ. ఎందుకని? ఆయన సొంత ప్రశ్న అదొక్కటే. కుదిరినప్పుడల్లా ఫర్నేసును కావాలని మెల్లగా చల్లార్చి, ముక్క వెనక ముక్క కొలుస్తూ పోయారు. "రాసి పంపండి సార్" అని మేమంటే, "ఇంకో నాలుగు ముక్కలు చూద్దాం" అనేవారు. ఆ నాలుగు ముక్కలు ఎన్నేళ్ళయినా పూర్తి కాలేదు.

నేను చేరిన ఏడాదే కన్సార్షియం వచ్చింది. బజారులో ఒకదానితో ఒకటి పోటీపడే చిప్పుల కంపెనీలు కొన్ని, పరిశోధన వరకు ఒక జట్టుగా చేరి యూనివర్సిటీలకు నిధులిచ్చే ఏర్పాటు అది. ఏటా వాళ్ళే సమస్యల జాబితా పంపుతారు. అందులో మాకు చేతనైంది మేము చేస్తాం. ఏడాది చివర నివేదిక ఇస్తే, అందులో ఉన్నదంతా సభ్య కంపెనీలన్నీ వాడుకోవచ్చు. దాని మీద మేము పేపరు అచ్చు వేయాలంటే ముందు వాళ్ళ అనుమతి రావాలి. ఒప్పందం ఇరవై పేజీలు. సారు ఇరవై చుక్కలు పెట్టి మరీ సంతకం చేశారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కొత్త ఫర్నేసు, లీకేజీ కొలిచే మంచి యంత్రం వాళ్ళ చలవే. నా ఫెలోషిప్పూ వాళ్ళిచ్చిందే. అది లేకపోతే సెలవు పెట్టి చదివే ధైర్యం నాకు ఉండేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం సారు నన్ను ధర్మవరంలో వాళ్ళమ్మ దగ్గరకు తీసుకువెళ్ళారు. పట్టుచీరలు నేసే ఇల్లు. మగ్గంలో పాత పడుగు అయిపోయింది. నిలువు పోగుల కొన ఇంకా జానెడు మిగిలి ఉంది. అవ్వ వేళ్ళకు బూడిద అద్దుకుని, ఆ పాత కొనకు కొత్త పడుగును పోగు తర్వాత పోగు మెలిపెట్టి అతుకుతోంది. తల ఎత్తకుండానే పలకరించింది.

"ఏం పాపా, మా వాడు నీకేం నేర్పిస్తాండాడు?"

"బిళ్ళ మీద పొర పెంచేది నేర్పిస్తాండారు అవ్వా."

"ఎంత మందం ఉంటాది?"

"కంటికి ఆనదు."

"ఆననిదాన్ని నేసి ఎవురికమ్ముతారే?"

సారు నవ్వి, "కంపెనీలోళ్ళు తీసుకుంటారు లేమ్మా" అన్నారు.

"కనపడందాన్ని కొనేటోళ్ళు దొరికినారంటే నీ యాపారమే మేలురా నాయనా! మా షావుకారు చూడు, పోగు పక్కకు జరిగినా చీర మొగాన కొడతాడు."

ఆ పాత కొన కోసేయచ్చు కదా అని అడిగాను. అవ్వ అప్పుడు తల ఎత్తి, ఈ పిల్లకు చదువెవరు చెప్పారన్నట్టు చూసింది. "కోసేస్తే కొత్తది దేనికి అతకాల? అన్ని వేల పోగులూ మళ్ళా ఈ అచ్చు పళ్ళ సందుల్లోకి ఒక్కోటే ఎక్కించుకుంటా కూచోవాల. చీర షావుకారుది, ఆయప్ప తీస్కపోతాడు. కొన యాడికీ పోదు. ఈ మగ్గంలోనే ఉంటాది."

తిరిగి వస్తున్నప్పుడు సారు రైల్లో అన్నారు: "విన్నావు కదా. బిళ్ళ కన్సార్షియంది, కొలత కన్సార్షియంది. కొన మాత్రం రిపోర్టులోకి రాకూడదు." కన్సార్షియం పని అయిపోయిన ప్రతి బిళ్ళ నుంచి ఆయన గోరంత ముక్క విరిచి, దాని మీద తన మెల్లగా చల్లార్చే పని చేసి, బటరు పేపర్లో చుట్టి వక్కపొడి డబ్బాలో దాచేవారు. సారు వక్కపొడి వేసుకోరు. డబ్బాలన్నీ అవ్వవి.

నా మూడో ఏడు మాకు కలిసి రాలేదు. వాళ్ళడిగిన కొలతలు నిలకడగా రాలేదు. కన్సార్షియం తరఫున సమీక్షకు వచ్చిన బెంగుళూరు ఇంజనీరు మర్యాదగానే మాట్లాడాడు కానీ, వెళ్ళేటప్పుడు "వచ్చే ఏడు ఈ ల్యాబు జాబితాలో ఉంటుందో లేదో చెప్పలేను మేడం" అన్నాడు. ల్యాబు జాబితాలోంచి పోతే నా ఫెలోషిప్పు ఆగిపోతుంది. ఇంకో ఏడాది పని ఉండగా, పట్టా లేకుండా హిందూపురం తిరిగి రావాలి. నివేదిక టైపు చేస్తూ నేను చేసింది ఇదీ: నాలుగో పేజీలో సారు ముక్కల సంగతి రాశాను. మెల్లగా చల్లారిస్తే లీకేజీ తగ్గుతోందని ఒక పేరా, కింద ఒక పట్టిక. సారును అడగలేదు. అడిగితే వద్దంటారని తెలిసే అడగలేదు.

మర్నాడు పంపాలి. పొద్దున రైల్లో రెండు ప్రతులు సారు చేతిలో పెట్టాను. ఒకటి సంతకం చేసి పంపడానికి, ఇంకొకటి ఆయన చుక్కలు పెట్టుకుని దగ్గర ఉంచుకోవడానికి. సారు కళ్ళజోడు తుడుచుకుని, జేబులోంచి పెన్సిలు తీశారు. ధర్మవరం జంక్షన్లో బండి ఆగింది. ఎదురుబండి కోసం ఆపారన్నారు. నేను నీళ్ళ సీసా పట్టుకుని దిగాను.

సీసా నిండింది. నిండినా కొళాయి దగ్గరే నిలబడ్డాను. నా వెనక వరసలో ఉన్న ఆవిడ, "ఏమ్మే, ఊరందరికీ పడతాండావా నీళ్ళు? జరుగు!" అని కసిరింది. జరిగి, కొళాయి పక్కనే నిలబడ్డాను. ఎంతసేపో ఇప్పటికీ చెప్పలేను. ఎదురుబండి వచ్చి పోయింది, మాకు కూత పడింది, పరిగెత్తి ఎక్కాను. సారు ఒడిలో పై ప్రతి ఉంది, అట్ట మీద సంతకం ఉంది. రెండో ప్రతి అప్పటికే సంచీలోకి వెళ్ళిపోయింది. పెన్సిలు జేబులో ఉంది.

"పంపించేయమ్మా" అన్నారు. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "నీళ్ళు చల్లగా ఉండాయా?" అని అడిగారు. అంతే.

నెల తిరక్కుండానే బెంగుళూరు నుంచి ఫోను. నివేదికలో నాలుగో పేజీ చాలా బాగుందన్నారు. ల్యాబు జాబితాలో నిలిచింది. చెప్తే సారు, "మంచిదమ్మా. నీ పని అయిపోతాది" అన్నారు. నా పని నిజంగానే అయిపోయింది. పట్టా వచ్చింది, కాలేజీకి తిరిగి వచ్చాను.

ఆ తర్వాతే సారు ఎట్టకేలకు తన పేపరు రాసుకున్నారు. ఆ సంగతి నివేదికలోకి ఎక్కింది కాబట్టి ఇప్పుడు దానికి కన్సార్షియం అనుమతి కావాలి. అనుమతి వచ్చింది, ఎవరూ అడ్డుపడలేదు. కానీ వచ్చేసరికి సభ్య కంపెనీల్లో ఒకటి తమ పెద్ద ల్యాబులో అదే పని నెలల మీద పూర్తిచేసి అచ్చు వేసింది. చివర కృతజ్ఞతల్లో మా యూనివర్సిటీ పేరు ఉంది. సారు పేపరును పత్రికవాళ్ళు కొత్తదనం లేదని తిప్పి పంపారు. ఆ ఉత్తరం ఆయన నాకు చూపించలేదు. మా జూనియర్ చెప్పాడు, "లెటరు చదివి, చుక్క పెట్టి, సొరుగులో వేసుకున్నాడు మేడం" అని.

రిటైరయిన రోజు ఆయన్ను పెనుకొండ దాకా దింపడానికి వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద, "సార్, ఆ నాలుగో పేజీ..." అని మొదలుపెట్టాను.

"మీ కాలేజీలో ఫర్నేసు ఉండాదా?" అన్నారు మధ్యలోనే.

"యాడిది సార్, స్పిరిటు దీపమే దిక్కు."

"అయితే మెల్లగా చల్లార్చేది సులువే" అని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోవడం నాకెప్పుడూ సులువే.

నాకు నేను చెప్పుకున్న సమాధానాలూ ఉన్నాయి. నేను రాయకపోతే ఆ సంగతి వక్కపొడి డబ్బాల్లోనే ఉండిపోయేదేమో. "ఇంకో నాలుగు ముక్కలు" ఎప్పటికీ పూర్తయ్యేవి కావేమో. ఎక్కడో ఏ చిప్పులోనో ఆయన కనిపెట్టింది ఇప్పుడు పనిచేస్తూ ఉండొచ్చు. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ వీటిలో ఏదీ ఆ కొళాయి దగ్గర నేను నిలబడ్డ కాసేపటిని చెరిపేయదు.

పదకొండో రోజుకు పెనుకొండ వెళ్ళాను. భోజనాలయ్యాక టీచరమ్మ నన్ను లోపలికి పిలిచి, ఒక వక్కపొడి డబ్బా, ఒక పాత ఫైలు చేతిలో పెట్టారు. "డబ్బాలు చానా ఉండాయి, అవి ల్యాబుకు పంపిస్తాలే. ఈ ఒకటి మాత్రం నీ పేరు రాసి వేరేగా పెట్టినాడు. ఈ ఫైలు దాని కిందే ఉన్నింది."

ఫైల్లో ఉన్నది ఆ ఏటి నివేదిక, ఆయన ఉంచుకున్న ప్రతి. నిలబడే పేజీలు తిప్పాను. ఒకటో పేజీ కింద చుక్క, రెండు, మూడు... నాలుగో పేజీ కింద కూడా చుక్క ఉంది. చదివారు. కానీ ఎప్పుడు? నేను నీళ్ళు పట్టుకుంటున్నప్పుడా? సంతకం పెట్టేసిన రాత్రి ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడా? పెన్సిలు చుక్కకు తేదీ ఉండదు. తక్కిన వాటికన్నా ఇది కాస్త నల్లగా ఉన్నట్టు అనిపించింది. అంతలోనే లేదనిపించింది.

"సారు ఎప్పుడన్నా ఈ సంగతి చెప్పినారా?" అని టీచరమ్మను అడిగాను.

"ఏ సంగతమ్మా?" అన్నారావిడ.

సాయంత్రం బండికి తిరిగి వస్తూ కిటికీ దగ్గర డబ్బా తెరిచాను. బటరు పేపరు మడతలో గోరంత ముక్క. ఆ పొర మందాన్ని బట్టి రంగు చూపిస్తుంది. ఒకవైపు నుంచి నీలం, కాస్త వంచితే ఆకుపచ్చ. దీన్ని చూసినప్పుడల్లా సారు "అచ్చం మా అమ్మ నేసే నెమలికంఠం" అని మురిసిపోయేవారు. ఒక పక్క మాత్రం, ఆయన విరిచిన చోట, అంచు గరుకుగా ఉంది. దేనికో అతకడానికి వదిలిపెట్టినట్టు.

ఆ నాలుగో పేజీ సారు నాకిచ్చారో, నేనే ఆయన దగ్గర తీసుకున్నానో, నేనింకా తేల్చుకోలేదు. బండి హిందూపురంలో ఆగేదాకా ఆ ముక్కను అటూ ఇటూ వంచి చూస్తూనే ఉన్నాను. కాసేపు నీలం, కాసేపు ఆకుపచ్చ.